ఒక ముడా, రెండు ముళ్ళా

జూన్ 9

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. మ్యూజియం వాళ్ళు నిన్ను కూడా సూది గుచ్చి పెట్టెలో పెట్టేశారేమో అనుకున్నాను. అలా పెడితే కింద చీటీ అంటిస్తారు కాబట్టి ఎక్కడున్నావో తెలిసేది.

మొన్న మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాసింది. కాసిన పావుగంటకి మా మిల్లు షెడ్డులోకి రెక్కల చీమలు దూరాయి. ఒకటీ రెండూ కాదు, కిటికీల్లో వెలుతురు తగ్గిపోయేంత. అప్పుడే తడి గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. వాలినవి వాలినట్టే దానికి అతుక్కుపోయాయి. గుడ్డ మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు, వాటిని మేమే పిలిపించినట్టు. అందరూ చీపుళ్ళతో కొడుతుంటే నేను ఒకదాన్ని బొత్తాల డబ్బాలోకి తోసి మూత పెట్టాను. మిగతావాటికన్నా రెండింతలుంది. కిటికీ గట్టు మీద తాపీగా నడుస్తోంది, ఎవరికీ భయపడనట్టు. రాణిచీమ అంటావే, అదేనా? నీకేమైనా పనికొస్తుందా? రాయి, లేకపోతే వదిలేస్తాను.

ఇంకో మాట. నా కుడికన్ను దాదాపు పోయింది. ఎడమదానితో గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తోంది, మధ్యలో ఉన్నదే ఉంటుంది, పక్కన ఉన్నది ఉండదు. డాక్టరు దగ్గరికి వెళ్తే నీటికాసులు అన్నాడు. కాసులు మనకి ఎప్పుడూ లేవు కదా, ఇప్పుడు కళ్ళలోకి వచ్చాయి అన్నాను. ఆయన నవ్వలేదు. పోయిన చూపు రాదట, ఎడమకంట్లో మిగిలింది నిలబెట్టడానికి ఆపరేషను చెయ్యాలట. జులై పద్నాలుగుకి రాశాడు. కాగితం మీద సొంత మనుషులు సంతకం పెట్టాలి, రెండు రోజులు పక్కన ఉండి మందు వెయ్యాలి అన్నారు. మొగుడైనా, పిల్లలైనా, అన్నదమ్ములైనా పరవాలేదట. నాకు మొదటి రెండూ లేవు. ఆ వారం నీకు పని ఎలా ఉంటుందో చూసి చెప్పు. తొందరేం లేదు, నెల పైన టైముంది.

వేళకి తింటున్నావా? మొన్న పంపిన చొక్కా భుజాల దగ్గర సరిపోయిందో లేదో రాయలేదు.

నీ అక్క

* * *

జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ చీమను వదలకు. దయచేసి వదలకు.

నువ్వు చూసింది చీమల పెళ్ళి. వాన పడి ఎండ రాగానే పుట్టల్లోంచి రెక్కలున్న మగవీ ఆడవీ ఒకేసారి లేస్తాయి, గాల్లోనే జంట కడతాయి. మగవి ఆ రోజే చస్తాయి. ఆడది నేలకి దిగి తన రెక్కలు తనే పీకేసుకుని, ఒక కన్నంలో దూరి మూసుకుంటుంది. ఇక జన్మలో బయటికి రాదు. అదే రాణి. గట్టు మీద తాపీగా నడిచింది అన్నావు చూడు, అది దిగి ఇల్లు వెతుక్కుంటున్నది. దానికి తిండి పెట్టక్కర్లేదు. ఎగరడానికి వాడిన కండ ఉంటుంది కదా ఒంట్లో, ఇక ఎగరదు కాబట్టి ఆ కండనే కరిగించుకుని మొదటి పిల్లలను పెంచుతుంది. తడి దూది చిన్న ముక్క వేసి డబ్బాను చీకట్లో పెట్టు, అంతే.

ఇప్పుడు జాగ్రత్తగా చదివి, ఒక్కొక్కదానికీ జవాబు రాయి. ఒంటి పొడవెంత? రంగేమిటి? మీసాలు మోచెయ్యిలా వంగి ఉన్నాయా, పూసల దండలా తిన్నగా ఉన్నాయా? తిన్నగా ఉంటే అది చీమ కాదు, చెదపురుగు, మనం నవ్వుకుని ఊరుకోవచ్చు. రెక్కలున్నాయా, రాల్చేసిందా? అన్నిటికన్నా ముఖ్యమైనది, నడుము దగ్గర ముళ్ళు ఎన్ని? ఒకటా, రెండా? చీమ ఏ వంశానిదో చెప్పేది అదే. దీన్నిబట్టే మిగతాదంతా.

ఎందుకింత ఆత్రమో చెప్తాను. మా పురుగుల గది అధికారి పదవి ఖాళీ అయింది. పోటీలో ఉన్నది నేనూ, సోడాబుడ్డి కళ్ళద్దాల ఆయనా. ఆయనకు ఇరవయ్యేళ్ళ సర్వీసు. నాకు ఏముంది? మా జాబితాలో లేని జాతిని ఒక్కదాన్ని ఎక్కించగలిగితే మా మ్యూజియం పెద్దాయన నా పేరు పైకి పంపుతాడు. మీ ఊరి వైపు చీమలను ఇప్పటిదాకా ఎవరూ సరిగా సేకరించలేదు. జాబితా నెలాఖరుకి ఇవ్వాలి. అందుకే తిరుగు టపాలోనే రాయి.

కళ్ళు జాగ్రత్త. ఆ కళ్ళజోడు ఎప్పటిదో, మార్పించుకో.

నీ తమ్ముడు

* * *

జూన్ 21

చిన్నోడా,

తిరుగు టపాలోనే రాస్తున్నాను, చూడు ఎంత బుద్ధిమంతురాలినో. అక్షరాలు పెద్దవిగా ఉంటే ఏమనుకోకు. చిన్నవి రాస్తే లైను మీద లైను ఎక్కుతోందని పక్క బల్ల ఆవిడ చెప్పింది. ఆవిడా నేనూ ఒకే తానును రెండు కొసల నుంచీ చూస్తాం, కాబట్టి నా సంగతులు ఆవిడకి తెలియకుండా ఉండవు.

నీ ప్రశ్నలకి జవాబులు. పొడవు మా పట్టకారు మొనలో సగం ఉంది. నలుపు. ఆవిడని అడిగితే బొగ్గు నలుపు అంది. మీసాలు వంగి ఉన్నాయట, చెదపురుగు కాదు. రెక్కలు లేవు. డబ్బా తెరిచి వేలు పెడితే అడుగున ఉల్లిపొరలా ఏదో తగిలింది. పొద్దున్నే నీ ఉత్తరం రాకపోయుంటే నేనే విరిచానని ఏడ్చేదాన్ని. తనే పీకేసుకుంటుందన్నావు, బతికించావు.

ఇక నువ్వు ముఖ్యమన్న దాని సంగతి. అది నేనే చూశాను, ఇంకెవరినీ నమ్మలేదు. చూశాను అంటే, పట్టకారుతో మెత్తగా పట్టుకుని వేలి కొసతో తడిమాను. రెండు. ఒకటి కాదు, రెండూ విడివిడిగా తగిలాయి. మూడుసార్లు తడిమాను. ఇరవయ్యారేళ్ళుగా గుడ్డలో లోపం వేలితోనే పట్టుకుంటున్నాను, ఈ చేతులు అబద్ధం చెప్పవు. పాపం దానికి కోపం వచ్చినట్టుంది. కుట్టలేదు కానీ వేలికి పుల్లటి వాసన అంటించింది. సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోలేదు.

తిండి పెట్టక్కర్లేదని రాశావు. ఒంట్లో కండ కరిగించుకుని పిల్లలని పెంచుతుందని రాశావు. తెలుసులేరా, అలాంటివాళ్ళని చూశాను.

కళ్ళజోడు మారిస్తే పోయేది కాదట ఇది. పద్నాలుగో తారీఖు సంగతి నువ్వు మర్చిపోయినట్టున్నావు. మనవాళ్ళు ఒకరు తప్పకుండా ఉండాలని మళ్ళీ చెప్పారు. ఒంటరిదాన్నంటే చేర్చుకోరట. మిల్లులో ఇంకా ఎవరికీ తెలియదు, పక్క బల్ల ఆవిడకి తప్ప. ముడులు, పోగులు వేలితో పట్టేస్తున్నాను. రంగు తేడాలే దొరకడం లేదు. అవి వేలికి తగలవు కదా. వీలైతే పదమూడు సాయంత్రానికి వచ్చెయ్. రైలు దిగి నేరుగా ఇంటికి రా, తాళం ఎప్పటి చోటే.

నీ అక్క

* * *

జూన్ 27

అక్కా,

రెండు. నువ్వు ఆ మాట రాసిన కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

అంత పెద్ద నల్ల రాణికి నడుములో రెండు ముడులుండే జాతి మా పుస్తకాల్లో ఒక్కటే ఉంది. మా గదిలో పెట్టెలు నాలుగొందల పైన ఉన్నాయి, ఒక్కదాంట్లో కూడా అది లేదు. పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన ముక్కు మీదికి కళ్ళద్దాలు జార్చి, లెక్కపెట్టింది ఎవరు అని అడిగాడు. మా అక్క, ఆవిడది వేళ్ళతో చేసే పని, పొరపాటు పడదు అన్నాను. ఎంత గర్వంగా చెప్పానో నువ్వు చూడాల్సింది. జాబితాలో ఎక్కించేశాను. సోడాబుడ్డి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇక చీమ ఇక్కడికి రావాలి. కమిటీ జులై పద్నాలుగున కూర్చుంటుంది. ఆ లోపల కచ్చితంగా అందాలి. బతికుండగా పంపితే దారిలో నలిగి చస్తుంది కాబట్టి మందుల షాపులో స్పిరిట్ తీసుకుని చిన్న సీసాలో వేసి, దూది కుక్కి, నీ బొత్తాల డబ్బాలో పెట్టి పంపు. రిజిస్టరు టపాలో. గుడ్లు పెట్టి ఉంటే అవి కూడా.

ఒక చిన్న విషయం. చీటీ మీద సేకరించినవారు అని ఒక వరుస ఉంటుంది. అందులో నా పేరు రాస్తాను. బయటివాళ్ళు పంపిందని ఉంటే కమిటీ దాన్ని నా పనిగా లెక్కెయ్యదు. నువ్వు బయటిదానివి కాదనుకో, వాళ్ళ లెక్కలు అలా ఉంటాయి. నీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

నీ ఆపరేషను కూడా పద్నాలుగునే పడింది, చూశావా గ్రహచారం. నేను కదిలితే ఇన్నాళ్ళ కష్టం నీళ్ళపాలు. డాక్టరుకు చెప్పి రెండు వారాలు వెనక్కి జరిపించుకో. కళ్ళ ఆపరేషను అంటే ఈ రోజుల్లో గంట పని, నొప్పి కూడా ఉండదట, అనవసరంగా కంగారు పెట్టుకోకు. నెలాఖరుకైతే నేనే వచ్చి పక్కన కూర్చుంటాను. అప్పటికి అధికారినై ఉంటాను, సెలవు అడగక్కర్లేదు, నాకు నేనే ఇచ్చుకుంటాను.

అక్షరాలు మరీ ఇంతింత రాస్తే ఎలా? పేజీకి ఎనిమిది లైన్లు పట్టాయి. చదువుతుంటే నవ్వొచ్చింది.

నీ తమ్ముడు

* * *

జులై 4

చిన్నోడా,

డబ్బా పంపాను. రసీదు దాచాను.

రాణి నాలుగు గుడ్లు పెట్టింది. నాకు కనబడలేదు, పక్క బల్ల ఆవిడ చెప్పింది. నూకలో సగం ఉన్నాయట, తెల్లగా. వాటిని నోటితో పట్టుకుని డబ్బాలో ఈ మూల నుంచి ఆ మూలకి మోస్తూ తిరుగుతోందట. సీసాలోకి వేసేటప్పుడు కూడా వదల్లేదు. మూత నేనే బిగించాను. కాసేపు సీసా అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను, లోపల కదలడం ఆగిందో లేదో తెలియక. ఈ పని ఇంకెప్పుడూ నాకు చెప్పకు.

చీటీ మీద నీ పేరే రాసుకో. నా పేరు ఎక్కడా రాసి ఉండే అలవాటు నాకు లేదు. నువ్వు చదివిన ప్రతి పుస్తకం అట్ట మీదా నీ పేరే రాశాను కదా, నేనే నా చేత్తో.

డాక్టరు దగ్గరికి వెళ్ళి తారీఖు జరపమన్నాను. తమ్ముడికి పనుంది అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, అమ్మా, ఆపరేషను వెనక్కి జరపొచ్చు, చూపు మాత్రం వెనక్కి రాదు, పోయేది రోజూ పోతూనే ఉంటుంది అన్నాడు. మా వాడు రెండు వారాలన్నాడు కదా, రెండు వారాలే అన్నాను. ఇరవై ఎనిమిదికి రాశాడు. ఇప్పుడు నువ్వు మాట మీద నిలబడాలి.

మిల్లులో తెలిసిపోయింది. రంగు కలవని తానులు రెండు నా బల్ల దాటి వెళ్ళిపోయాయి. ఒకటి నీలం, ఒకటి కాస్త పాలిపోయిన నీలం. పక్కపక్కన పెట్టి అందరి ముందూ మేస్త్రీ అడిగాడు, ఇది కనబడలేదా అని. కనబడలేదు అన్నాను. నిజమే చెప్పాను కానీ పొగరు అనుకున్నాడు. నన్ను బల్ల దగ్గర నుంచి తీసేసి నూలు చుట్టే ఖాళీ కండెల గదిలో కూర్చోబెట్టారు. పగిలినవి ఒక గంపలో, బాగున్నవి ఒక గంపలో. అక్కడ దీపం కూడా లేదు, నాకు అవసరం లేదనుకున్నారేమో. మగ్గాలకి నూనె పోసే ఆయన ఒకడు, అందరూ నూనె సీసా అంటారు, రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొచ్చి ఆ గది గుమ్మంలో కూర్చుని తింటున్నాడు. ఇక్కడ చల్లగా ఉంటుందంటాడు. చల్లగా ఏమీ ఉండదు.

భయం వేస్తోందిరా. ఇంతకుముందు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఇరవై ఎనిమిది. గుర్తుపెట్టుకో.

నీ అక్క

* * *

జులై 16

అక్కా,

నీ డబ్బా పన్నెండున అందింది. నేను తెరవలేదు. తెరిచి ఉంటే బాగుండేది. కమిటీ ముందే తెరవాలని, అందరూ చూడాలని దాచాను. నా కర్మ.

పద్నాలుగున పెద్దాయన స్వయంగా సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఒక నిమిషం చూశాడు. సోడాబుడ్డి ఆయనను పిలిచి చూడమన్నాడు. ఆయన చూసి, నన్ను చూడమని జరిగాడు. ఒక ముడి. ఒక్కటంటే ఒక్కటి. మా వీధి చివరి గోడలో దొరికే మామూలు చీమ, దాని పెట్టెలు మా గదిలో పదకొండు ఉన్నాయి. కమిటీలో ఒకాయన, మీ అక్కగారికి ఒకటికి రెండు చెప్పే అలవాటుందా అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

అధికారి పదవి సోడాబుడ్డి ఆయనకు ఇచ్చారు. ఇక నేను రిటైరయ్యేదాకా ఆయన చెప్పిన పెట్టెలకు కర్పూరం ఉండలు వేసుకుంటూ బతకాలి.

నేను అడిగింది ఏమిటి? ఒకటా రెండా అని. అంతే కదా. చిన్నపిల్లలు కూడా చెప్తారు. మూడుసార్లు చూశాను, చేతులు అబద్ధం చెప్పవు అని గొప్పగా రాశావు. చూడకుండా ఎందుకు రాశావు? కనబడకపోతే కనబడలేదని ఒక్క ముక్క రాయొచ్చు కదా. నాకు సాయం చెయ్యాలన్న తొందరలో నా గొయ్యి తవ్వావు. ఎప్పుడూ అంతే, నాకేం కావాలో నాకన్నా నీకే బాగా తెలిసినట్టు నాకు నచ్చే జవాబు చెప్పావు.

ఇరవై ఎనిమిదికి రాలేను. ఎవరి ముఖమూ చూసే స్థితిలో లేను. ఇంకెవరినైనా తోడు పెట్టుకో.

తమ్ముడు

* * *

జులై 22

చిన్నోడా,

నీ ఉత్తరం పక్క బల్ల ఆవిడ చదివింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఏమీ దాచకుండా చదవమన్నాను. ఈ జవాబు మాత్రం నేనే రాస్తున్నాను, పేజీకి ఎనిమిది లైన్లు కాదు, నాలుగే పడతాయి. నవ్వుకో.

కనబడకపోతే కనబడలేదని రాయొచ్చు కదా అన్నావు. రాశాను. జూన్ తొమ్మిదిన రాశాను, ఇరవై ఒకటిన రాశాను, జులై నాలుగున రాశాను. ఎన్నిసార్లు చెవిన వేస్తే అన్నిసార్లూ పెడచెవిన పెట్టావు. కుడికన్ను పోయిందని రాస్తే కళ్ళజోడు మార్చుకోమన్నావు. గొట్టంలోంచి చూసే మనిషిని చీమ నడుము లెక్కపెట్టమన్నావు.

అయినా నేను తప్పు లెక్కపెట్టలేదు. నీ ఉత్తరాలన్నీ ఆవిడ చేత మళ్ళీ చదివించాను. నువ్వు ముడులని మనసులో పెట్టుకుని ముళ్ళు ఎన్ని అని రాశావు. ఇరవయ్యారేళ్ళుగా మేము తీసేవాటిని మిల్లులో ముడులు అంటాం. ముడులు తీసేవాళ్ళం, ముడుల బల్ల, ముడుల మేస్త్రీ. ముళ్ళంటే మాకు గుచ్చుకునేవి. నువ్వు ముళ్ళు అడిగావు, నేను ముళ్ళు లెక్కపెట్టాను. నడుము దగ్గర రెండు వైపులా రెండు ఉన్నాయి, వేలికి సూది మొనల్లా తగిలాయి. కావాలంటే మీ పెద్దాయనను ఇంకోసారి చూడమను. ముడులు ఎన్ని అని అడిగి ఉంటే ఒకటి అని రాసేదాన్ని.

నా చేతులు అబద్ధం చెప్పలేదు. నీకు నచ్చే జవాబు నేను చెప్పలేదు, నువ్వే నీకు నచ్చేది చదువుకున్నావు.

అమ్మ పోయిన ఏడు నీకు ఆరేళ్ళు, నాకు పదిహేడు. ఆ మర్నాటి నుంచే మిల్లుకి వెళ్ళాను. ఇది నేను ఎప్పుడూ నీకు ఎత్తి చూపలేదు, ఇప్పుడూ చూపేదాన్ని కాదు. ఇంకెవరినైనా తోడు పెట్టుకో అన్నావు చూడు, అందుకని చూపుతున్నాను. ఇంకెవరున్నారురా? ఉంటే ఎవరో ఒక పేరు చెప్పు, వెళ్ళి అడుగుతాను.

ఇరవై ఎనిమిది పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు. చెప్పాల్సింది కాబట్టి చెప్పాను.

అక్క

* * *

జులై 27

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. వెంటనే వెళ్ళి చీమను మళ్ళీ చూశాను. ఒక ముడి, దాని మీద రెండు ముళ్ళు. పొట్టివి, సూది మొనల్లాంటివి. దాని పేరే ముళ్ళ చీమ. రోజూ ఆ పెట్టెల మీద నేనే రాసే పేరు అది.

ఇంకా ఒకటుంది. వేలికి పుల్లటి వాసన అంటిందని, కుట్టలేదని నువ్వు రాశావు. రెండు ముడులుండే వంశానిదైతే కుట్టేది. పులుపు చిమ్మేవాటికి ముడి ఒకటే. ఇది మా గదిలో చేరిన మొదటి నెల నేర్పే పాఠం. ఆ ఒక్క వాక్యం చదివినా చాలు, నువ్వు లెక్కపెట్టనక్కర్లేదు. నేను రెండు అన్న చోట ఆగిపోయాను. కింద ఉన్నది చదవలేదు. కింద ఇంకా ఏమేమి ఉన్నాయో ఇప్పుడు అన్నీ బయటికి తీసి చదివాను.

ఏమని క్షమాపణ అడగను? సిగ్గుగా ఉంది. నీ కంటి సంగతి నాకు అర్థం కాలేదంటే అబద్ధం. అర్థం చేసుకుంటే బయల్దేరాల్సి వస్తుందని అర్థం చేసుకోలేదు.

నిన్న రాత్రి రైలు అందుకోవాలని సంచి సర్దుకున్నాను. గదిలో నా కింద ఉన్న పెట్టెలు సోడాబుడ్డి ఆయనకు అప్పగించే పని ఈ వారమే, సంతకాలు నావి కావాలి, పెద్దాయన సెలవు కుదరదన్నాడు. చెప్పకుండా వచ్చేద్దామనుకున్నాను, స్టేషను దాకా వెళ్ళాను కూడా. వెనక్కి వచ్చేశాను. ఉన్న ఉద్యోగం కూడా పోతుందేమోనని. ఈ ఉత్తరం చేరేసరికి ఇరవై ఎనిమిది దాటిపోతుందని తెలుసు. ఆగస్టు పదిన పొద్దుటి రైలుకు వస్తున్నాను, సెలవు చీటీ చేతికి వచ్చింది. నెల రోజులు ఉంటాను. చీటీ మీద సేకరించినవారు అన్న చోట నా పేరు కొట్టేసి నీ పేరు రాశాను.

ఆపరేషను ఎలా జరిగింది? ఎవరున్నారు? ఒక్క ముక్క రాయించు.

నీ తమ్ముడు

* * *

ఆగస్టు 5

చిన్నోడా,

ఇది పక్క బల్ల ఆవిడ దస్తూరీ. నేను చెప్తుంటే రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమని ఒట్టు వేయించుకున్నాను, కాబట్టి మాటలు నావే.

ఇరవై ఎనిమిదిన తొమ్మిదింటికి ఆస్పత్రికి వెళ్ళాను. నూనె సీసా సైకిలు మీద దింపాడు, మిల్లులో సగం పూట సెలవు పెట్టి. రాసుకునే అమ్మాయి, మీవాళ్ళు ఎవరమ్మా అని అడిగింది. తమ్ముడు వస్తున్నాడు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. రాలేనని నువ్వు రాశాక కూడా అలా అన్నాను. బెంచీ మీద కూర్చున్నాను. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు తిరిగాను. చూడ్డానికి కాదు, నీ అడుగుల చప్పుడు నాకు తెలుసు కదా, వినడానికి. పదకొండు దాటాక ఆ అమ్మాయి వచ్చి, ఇంక ఎవరూ రాకపోతే మీ వంతు ఇంకొకరికి ఇస్తాం, మళ్ళీ నెలకి రాసుకోండి అంది.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ నూనె సీసా వచ్చి ఆ కాగితం ఇలా ఇవ్వమన్నాడు. సంబంధం అన్న గడిలో తమ్ముడు అని రాసి సంతకం పెట్టాడు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. నెత్తి మీద నల్ల వెంట్రుక లేదట. తమ్ముడా, అంది ఆ అమ్మాయి. చిన్నప్పటి నుంచీ కష్టం ఎక్కువమ్మా, అందుకే ఇలా అయిపోయాను అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే లోపలికి తీసుకెళ్ళారు.

రెండు రోజులూ పక్కనే ఉన్నాడు. గంట గంటకీ చుక్కలు వేశాడు. చేతులు కడుక్కున్నా మగ్గాల నూనె వాసన పోదు కాబట్టి ఎప్పుడు వచ్చాడో ఎప్పుడు వెళ్ళాడో నాకు తెలుస్తూనే ఉంది. పక్క మంచాలవాళ్ళు, నీ తమ్ముడు బంగారమమ్మా అన్నారు. అవునన్నాను.

కట్టు విప్పారు. కిటికీ ఎక్కడుందో తెలుస్తోంది, గోడ ఎక్కడుందో తెలుస్తోంది. మనిషి ఎదురుగా నిలబడితే మనిషని తెలుస్తోంది, ఎవరన్నది తెలియడం లేదు. పద్నాలుగున చేసి ఉంటే ముఖాలు మిగిలేవి అన్నాడు డాక్టరు. అడగకుండా ఉండాల్సింది, అడిగాను. ఇదైనా నిలబడాలంటే నెలనెలా వచ్చి చూపించుకోవాలట, తోడు ఉండాలట.

నీ ఉత్తరం అందింది. కింది వాక్యం దాకా చదివించుకున్నాను. నీమీద కోపం ఉందా అంటే ఉంది. అర్థం చేసుకుంటే బయల్దేరాల్సి వస్తుందని రాశావు చూడు, అది నిజం. నిజం రాశావు కాబట్టి నేనూ నిజమే చెప్తున్నాను.

పదో తారీఖున రాకు. నెలనెలా నాతో వచ్చేది అతనే, రిజిస్టరులో పేరు ఎక్కిపోయింది. నువ్వు వచ్చి ఈవిడ తమ్ముణ్ణి నేను అంటే ఆ అమ్మాయి కాగితం తీసి చూస్తుంది. ఈవిడకి ఉన్నది ఒక్కడే తమ్ముడు, ఆయన వచ్చాడు, సంతకం కూడా పెట్టాడు అంటుంది. నేను కాదనను.